కంటిదొరువు కలువలు

రండమ్మా, దగ్గరికి జరగండి. నాయనా, ఆ గోడవార నిలబడ్డవాళ్ళు కూడా ముందుకు రండి. చాపలు చాలకపోతే ఇసుకమీదే కూర్చోండి, మా ఇసుక బట్టలకు అంటదు. పసిపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, ఫోన్లను సంచుల్లో పడుకోబెట్టండి. దర్శనానికి తొందర లేదు. ఈ అమ్మవారు తలుపులు మూసుకునే అమ్మవారు కాదు. కథ విని చూస్తే ఆమె ఒక రకంగా కనిపిస్తుంది, వినకుండా చూస్తే మరో రకంగా కనిపిస్తుంది. విన్నాకే చూడండి.

ఈ కంటిదొరువు క్షేత్రం సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో, సరుగుడు తోటలకూ వేరుశనగ చేలకూ నడుమ ఉన్నది. గోపురం కనిపిస్తుందేమోనని చూసుకుంటూ వచ్చే భక్తులు ఊరు దాటిపోయి, ఎవరినో అడిగి మళ్ళీ వెనక్కి వస్తుంటారు. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ఒక పెంకుటింటి వీధి తలుపు బార్లా తీసి ఉంటుంది. నడవ దాటి, వంటింటి పక్కగా, పెరట్లోకి నడవాలి. కొత్తవాళ్ళు ఎవరింట్లోకో పొరబాటున వచ్చామనుకుని నడవలోనే ఆగిపోతారు. అప్పుడు వంటింట్లోనుంచి ఎవరో ఒకరు "ఇదే, ఇదే, రండి" అంటారు. పోపు వాసన పీలుస్తూ అమ్మవారి దర్శనానికి వెళ్ళే క్షేత్రం మరొకటి ఉన్నదేమో నాకు తెలియదు.

పెరట్లో ఉన్నది దొరువు. మా ఇసుకనేలలో బావి తవ్వితే ఒడ్డు నిలవదు. అందుకని వెడల్పుగా, వాలుగా గుంట తవ్వుకుని, నడిచి దిగి నీళ్ళు ముంచుకుంటాం. దాన్నే దొరువు అంటాం. ఈ దొరువు అంచుల వెంట తెల్ల కలువలు. నడిమధ్యన మాత్రం చేటంత మేర ఒట్టి నీళ్ళు. అమ్మవారు ఆ నీళ్ళ అడుగున వెల్లకిలా పడుకుని, ఆకాశం వైపు చూస్తూ ఉన్నది. ఎవరు చెక్కారో, ఎవరు అక్కడ పడుకోబెట్టారో చెప్పగలిగినవారు లేరు. కలువకంటమ్మ అని పిలుచుకుంటాం.

పూర్వం ఈ ఊరిని, ఈ పేరు రాకముందు, తూర్పుదిబ్బ అనేవారు. దిబ్బమీది చెన్నకేశవస్వామికి రోజూ పూలమాలలు కట్టి సమర్పించే సాతాని కుటుంబం ఈ ఇంట్లోనే ఉండేది. ఇంటి యజమాని తిరువేంగళయ్య, ఆయన తల్లి అలివేలమ్మ. ఆ ఇంటికి కోడలై వచ్చిన పిల్ల పేరిందేవి. మనం చెప్పుకునేది ఆమె కథే.

పేరిందేవి పుట్టిల్లు దక్షిణాన, మూడు రోజుల బండి ప్రయాణం. అప్పగింతలనాడు ఆమె తల్లి శింగరమ్మ, ఒడిలో పసుపు కుంకుమలతోపాటు తడిగుడ్డలో చుట్టిన ఒక కలువ దుంపను పెట్టింది. "అంత దూరం నేను రాలేనే తల్లీ. ఇది పూసినప్పుడల్లా మీ అమ్మ వచ్చిందనుకో" అన్నది. బండి ఎక్కేదాకా కూతురి మణికట్టు వదలలేదు. బొటనవేలు నాడిమీద, మిగిలిన నాలుగు వేళ్ళూ కిందనుంచి, అలా పట్టుకునే ఉన్నది. దారి పొడుగునా పేరిందేవి తాగవలసిన నీళ్ళు కూడా ఆ గుడ్డమీదే పోసిందని బండి తోలినవాడు తర్వాత చెప్పాడు.

కొత్త కోడలి మూట విప్పి చూసి అలివేలమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"చీరలు తెచ్చిన కోడళ్ళను చూశాను, చిలకల పందిరి మంచాలు తెచ్చిన కోడళ్ళను చూశాను. బురద మూటతో వచ్చిన కోడల్ని నిన్నే చూడటం!"

అన్నదే కానీ తానే దొరువులోకి దారి చూపింది. "నాటుకో. అంచున ఎక్కడైనా నాటుకో. నడిమధ్యన మాత్రం చేటంత చోటు వదిలిపెట్టు. అక్కడికి నాచుగానీ ఆకుగానీ రానివ్వకూడదు."

"ఎందుకత్తయ్యా?"

"మా అత్త చెప్పింది, ఆమెకు వాళ్ళత్త చెప్పింది. ఎందుకని నేనూ నీలాగే అడిగాను. మా అత్త నా వంక ఒక చూపు చూసింది. మళ్ళీ అడగలేదు. నువ్వూ అడగమాకు."

ఆ ఏడు వానలు పడ్డాక ఒకనాటి తెల్లవారుజామున మొదటి కలువ విచ్చుకున్నది. ఆ పూటే దక్షిణాదినుంచి వచ్చిన ఒక యాత్రికుడు కబురు తెచ్చాడు. శింగరమ్మ పోయి అప్పటికి ఇరవై రోజులు. కర్మకాండ కూడా అయిపోయింది. పేరిందేవి ఏడవలేదు. దొరువు గట్టున నిలబడి "అమ్మ వచ్చిందత్తయ్యా" అన్నది. అలివేలమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుని, లోపలినుంచి ఒక పీట తెచ్చి గట్టుమీద వేసి, "కూర్చో, కాసేపు మాట్లాడుకో" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ అత్త అలాంటిది.

కలువలను ఏ కాలానికి ఎలా చూసుకోవాలో అలివేలమ్మే నేర్పింది. ఆషాఢంలో కొత్తనీరు పెరిగేటప్పుడు చెయ్యి పెట్టకూడదు, కాడలు నీటితోపాటు సాగుతూ ఉంటాయి. భాద్రపదం మొదలుకొని పూతకాలం. పండిన ఆకునూ వాడిన పూవునూ వారానికొకసారి తీసెయ్యాలి, లేకపోతే కుళ్ళి నీరు వాసన వేస్తుంది. తీసేటప్పుడు లాగకూడదు. కాడ వెంట చెయ్యి దించి, మొదట్లో గోటితో తుంచాలి. పుష్యమాసపు చలికి ఆకులు చిన్నవై అడుక్కి దిగుతాయి, అప్పుడు వాటి నిద్ర చెడగొట్టకూడదు. ఫాల్గుణంలో నీరు మోకాలిలోతుకు వచ్చినప్పుడు దిగి, ముదిరిన దుంపను పైకి తీసి, కొత్త పిలకలను కోసి, పాతది పారేసి, పిలకలను మళ్ళీ అంచున నాటాలి. ఈ ఒక్క పని మాత్రం పేరిందేవి ఏనాడూ చెయ్యలేదు. ఫాల్గుణం వచ్చిందంటే ఏదో ఒక వంక పెట్టుకుని లోపలే ఉండిపోయేది. అత్త కూడా పిలిచేది కాదు. తానే దిగి, అంచున ఉన్న, శింగరమ్మ ఇచ్చిన తల్లిదుంప జోలికి పోకుండా, నడిమికి పాకిన వాటిని మాత్రం తీసి వచ్చేది.

కొన్నేళ్ళకు అలివేలమ్మ కాలం చేసింది. పేరిందేవి కూతురు గోదకు అప్పటికి ఐదేళ్ళు.

అత్త పోయాక వచ్చిన మొదటి ఫాల్గుణంలో పేరిందేవి చిన్న కొడవలి పట్టుకుని దొరువులోకి దిగింది. ఒక ఆకును ఎత్తింది. దాని అడుగుభాగం ఎర్రగా, మెత్తగా, అరచేయిలా ఉన్నది. కొడవలి ఆనించింది. కొయ్యకుండానే వెనక్కి తీసేసింది. "వచ్చే ఏడు చూద్దాంలే" అనుకుని ఒడ్డెక్కింది. ఆ ఏడు కలువలు విరగబూశాయి. స్వామికి నిండు దండలు. తిరువేంగళయ్య మురిసిపోయి "మా అమ్మ పీకిపీకి వీటిని పెరగనివ్వలేదే!" అన్నాడు. రెండో ఏడు ఆమె కొడవలి కూడా పట్టుకోలేదు. దుంప నడిమికి పాకింది. చేటంత చోటు పళ్ళెమంత అయింది, పళ్ళెం చిప్పంత అయింది.

మూడో ఏడు, శ్రావణం వెళ్ళేసరికి నీరు కనిపించడం మానేసింది.

అప్పటినుంచీ దొరువు తీరు మారింది. ముందు కప్పలు అరవడం మానుకున్నాయి. రోజూ వచ్చే కొంగ పెరటిమీద ఒక చుట్టు తిరిగి, కాళ్ళు దించబోయి, మళ్ళీ ముడుచుకుని వెళ్ళిపోయేది. చెంబు ముంచితే బుడబుడ చప్పుడు రాలేదు. పడుకునే చోటు చాలక ఆకులు నీటిమీద లేచి నిలబడ్డాయి. చోటు చాలకపోతే కలువ ఆకు నిలబడటం మామూలే, పెంచేవాళ్ళకు తెలుసు. కానీ ఏ ఆకైనా ఎండవైపు వాలుతుంది. ఇవి ఉదయమూ సాయంత్రమూ కూడా ఇంటి పెరటి గుమ్మం వైపే వాలి ఉండేవి, ఎవరో పిలుస్తారేమోనని చెవులు అటే పెట్టినట్టు. మిట్టమధ్యాహ్నం, సరుగుడు చెట్లు కూడా ఊపిరి బిగబట్టే ఆ వేళ, ఒక్కొక్క ఆకే కదిలేది. అవతలి ఒడ్డున ఒకటి, దాని పక్కది, దాని ఇవతలిది, అలా వరసగా ఇవతలి గట్టుదాకా. కాస్త ఆగి, మళ్ళీ వెనక్కి. నీళ్ళకింద ఎవరో తడుముకుంటూ నడుస్తున్నట్టు ఉండేది.

పూలు తగ్గిపోయాయి. పూసినవి ఆకుల అడుగున, వెలుతురు తగలక, పాలిపోయి ఉండేవి. పక్కింటి కుమ్మరి అంకమ్మ, అలివేలమ్మ ఈడుది, నీళ్ళకని వచ్చి కుండ ఎక్కడ ముంచాలో తెలియక నడుముమీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏమమ్మాయ్, దొరువులో పుట్టింటివాళ్ళందర్నీ తెచ్చి కూర్చోబెట్టావు. అత్తింటివాళ్ళకు కాలు పెట్టే చోటే లేదే!"

"పోనీలే అంకమ్మత్తా, పక్కవాళ్ళ దొరువులో ముంచుకో."

"ముంచుకుంటాలే. కానీ మీ అత్త ఆ నడిమి చోటు కోసం జ్వరంలో కూడా దిగేది. ఊరికే దిగేదా?"

పేరిందేవి కొంగు దోపుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆశ్వయుజంలో ఒకరోజు, సరిగ్గా నడినెత్తిన ఎండ కాసే వేళ, గోద అన్నం ముందు కూర్చుని అన్నది: "దీపం పెట్టవేమమ్మా? చీకట్లో ఎట్లా తినేది?"

పేరిందేవి ఆట అనుకుంది. "పెరట్లో ఎండ పేలుతుంటే నీకు దీపం కావాలటే, మహారాణీ" అని నవ్వింది. గోద నవ్వలేదు. కంచం కోసం నేలంతా తడిమింది. చెయ్యి చారుగిన్నెలో పడింది. అప్పుడు చూసింది తల్లి, పిల్ల కళ్ళలోకి వంగి. నల్లగుడ్డుమీద పల్చటి పొర, ఎర్రగా, మెత్తగా, సన్నని ఈనెలతో. ఆ ఈనెలను తాను ఇదివరకెక్కడో చూసింది. ఎక్కడో గుర్తు వచ్చింది. అది కలువాకు అడుగుభాగం.

వైద్యుడు వచ్చాడు. నందివర్ధనం పూలరసం పిండాడు, పసరు కట్టు కట్టాడు. పొర ఈ చివరనుంచి ఆ చివరకు రోజుకొక నూలుపోగంత పాకుతూనే ఉన్నది. "కార్తీకం వెళ్ళేలోగా తగ్గకపోతే ఇక చూపు మీద ఆశ పెట్టుకోవద్దు" అని చెప్పి తలదించుకుని వెళ్ళిపోయాడు. గోద మాత్రం ఏడ్చేది కాదు. పెరటి గుమ్మంలో కూర్చుని దొరువు వైపు ముఖం పెట్టి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు తల ఊపేది.

"ఎవరితోనే?"

"నీళ్ళకింద ఒకామె పడుకుని ఉందమ్మా. ఆమెక్కూడా ఏం కనపడటం లేదంట. నువ్వు ఎవరి పిల్లవని అడుగుతోంది."

ఆ మాట విన్న మధ్యాహ్నం పేరిందేవి స్తంభానికి ఆనుకుని కూలబడింది. ఎన్నో రోజులుగా నిద్ర లేదేమో, కన్ను అంటుకున్నది. కలలో పెరటి తలుపు తోసుకుని ఒక స్త్రీ వచ్చింది. తడిచీర, జుట్టునిండా ఇసుక, నల్లరాతి ఛాయ. రెండు కళ్ళమీదా రెండు కలువాకులు అంటుకుని ఉన్నాయి. గడప తడుముకుని దానిమీద కూర్చున్నది. కోపం లేదు ఆ ముఖంలో. అదే భయంగా ఉన్నది.

"అమ్మాయీ, నీ పిల్లకు నేనేమీ చెయ్యలేదు. నేను చూసేదే ఈ ఇంటికి చూపు. ఆకాశం కనపడక నాకు ఎన్నాళ్ళయింది!"

"నువ్వెవరివమ్మా?"

"మీ అత్త ఆ చోటు ఎవరికోసం వదిలిందనుకున్నావు?"

పేరిందేవికి మెలకువ వచ్చింది. పెరట్లో ఎండ అలాగే పేలుతున్నది. గడపమీద తడి ఉన్నది. దొరువునుంచి గడపదాకా తడి అడుగులు ఉన్నాయి. తిరిగి వెళ్ళిన అడుగులు లేవు. గోద తన చిట్టి అరచేత్తో గడపమీది తడిని నిమురుతూ కూర్చున్నది.

విషయం విని తిరువేంగళయ్య పంచె ఎగగట్టాడు. "నువ్వు ఉండు, నేను దిగుతాను. ఒక పూటలో మొత్తం పీకి పారేస్తాను."

"వద్దండీ. నాటింది నేను. మీరు పీకితే పిల్ల చూపుతో బాటు ఇంకేం తెగుతుందో. నేనే దిగుతాను" అన్నది పేరిందేవి.

మరునాడు పొద్దున ఆమె దిగింది. అత్త నేర్పినట్టే, లాగకుండా, కాడ వెంట చెయ్యి దించి మొదట్లో తుంచుతూ వెళ్ళింది. బుట్టలకు బుట్టలు ఆకులు గట్టెక్కాయి. నడిమికి వచ్చేసరికి నీళ్ళు రొమ్ములదాకా ఉన్నాయి. పాదాలకింద బురద ఉండవలసిన చోట నున్నని రాయి తగిలింది. మునిగి వేళ్ళతో తడిమింది. గడ్డం. పెదవులు. ముక్కు, ముక్కుకు ఒకవైపు పుడక ఉండే చిన్న గుంట. ఎడమకంటిమీద దుంప అల్లుకుని, వేళ్ళు రాతిని వాటేసుకుని ఉన్నది. ఊపిరి బిగబట్టి మునిగి, ఒక్కొక్క వేరే విప్పి, దాన్ని తీసింది.

కుడికంటి దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. అక్కడున్నది తల్లిదుంప. అంచున తాను నాటిన దుంప అంచుననే ఉండాలి. మూడేళ్ళలో ఏ దారిన పాకి వచ్చిందో, ఆ కంటిమీద కూర్చున్నది. శింగరమ్మ తన కలువ మొదలునుంచి కోసి ఒడిలో పెట్టినప్పటి కత్తిగాటు దానిమీద ఇంకా ఉన్నది.

పేరిందేవి దాన్ని తియ్యకుండానే గట్టెక్కింది. తనకు తాను ఒక సమాధానం చెప్పుకున్నది. చుట్టూ ఆకులు తీసేశాను కదా, ఒక్క దుంప ఉంటే ఏమవుతుంది, అమ్మ ఒక్కతే కదా.

గుమ్మంలో గోద ముఖం ఎత్తింది. ఎడమకన్ను తేటగా మెరిసింది. పిల్ల ఆమెను పైనుంచి కిందకు చూసి, కాస్త భయంగా వెనక్కి జరిగింది.

"అమ్మా, నువ్వు సగమే ఉన్నావేం? ఇటువైపంతా ఎవరో ముసలమ్మ ఉంది."

పేరిందేవి ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఆకులు కదిలే ఆ వేళకే, మళ్ళీ దిగింది. ఆకులేవీ మిగలలేదు గనుక ఏమీ కదలలేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కొడవలి పట్టుకుని మునిగి, కుడికంటిమీద చెయ్యి వేసింది.

కాడలు ఆమె చేతిని పట్టుకున్నాయి.

నీళ్ళలో కాడ చేతికి చుట్టుకోవడం వింత కాదు తల్లీ, మా పెరళ్ళలో ఆడవాళ్ళకు రోజూ అయ్యేదే. కానీ పేరిందేవికి ఆ పట్టు తెలుసు. ఒక కాడ నాడిమీద. మిగిలిన నాలుగూ కిందనుంచి. వెచ్చగా ఉన్నది. ఆమె నీళ్ళలోనుంచి తల పైకి తీసి, ఊపిరి పీల్చుకుని, చెయ్యి అలాగే కింద ఉంచి మాట్లాడింది. గట్టుమీదనుంచి తిరువేంగళయ్యకు భార్య మాటలు వినిపించాయి, మాటల మధ్య విరామాలు వినిపించాయి. ఆ విరామాల్లో నీటిమీద చిన్న చిన్న వలయాలు లేచాయి.

"అమ్మా, నువ్వేనని తెలుసు."

"నొప్పి పుడుతుందని తెలుసమ్మా. నాకు పుట్టడం లేదా?"

"నిన్ను ఎక్కడికీ పొమ్మనడం లేదు."

అప్పటికీ పట్టు సడలలేదు. ఇంకాస్త బిగిసింది. మణికట్టు ఎముక నొక్కుకుపోయింది, నీరు గడ్డందాకా వచ్చింది, ఆమె ఒక అడుగు లోపలికి జారింది. తిరువేంగళయ్య దిగబోయాడు. ఆమె రెండో చెయ్యి ఎత్తి వద్దన్నది. ఆ చెయ్యి దించి, చాలా మెల్లగా, పిల్లకు జోల పాడే గొంతుతో అన్నది:

"నా బిడ్డ నన్ను సగమే చూస్తోందమ్మా. మిగతా సగంలో నువ్వున్నావు. నువ్వు నన్ను చూసుకున్నట్టు నేను దాన్ని చూసుకోవద్దా? చెయ్యి వదులమ్మా."

వలయాలు ఆగిపోయాయి. ఒక్కొక్క కాడే విడివడింది. నాడిమీది కాడ అన్నిటికన్నా ఆఖరున వదిలింది.

పేరిందేవి దుంపను కోసింది. పైకి తీసి వెలుతురులో చూస్తే నడిమి భాగమంతా నల్లబడి, బోలుగా, నొక్కితే నీరు తప్ప మరేమీ లేకుండా ఉన్నది. అందులో ప్రాణం పోయి ఎన్నేళ్ళయిందో. అంచున మాత్రం ఏడు పిలకలు, పాలపళ్ళంత తెల్లగా, పైకి వచ్చే చోటు లేక ఒకదానినొకటి తోసుకుంటున్నాయి.

కలగిన బురద అడుక్కి దిగింది. నీళ్ళ అడుగున రెండు రాతికళ్ళు తెరిచి ఉన్నాయి. వాటిమీది నీటిలో పేరిందేవికి తన ముఖం కనిపించింది. తన భుజం వెనుక ఇంకో ముఖం కూడా కనిపించింది. ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే ఉండదని తెలుసు. ఆ ముఖం కాసేపు నిలిచి, మెల్లగా నీరై, నీటిలో నీలంగా ఆకాశం ఒక్కటే మిగిలింది.

ఇంట్లోనుంచి పరుగు చప్పుడు వినిపించింది. గోడ పట్టుకోకుండా, గడప తడుముకోకుండా, గోద పెరట్లోకి వచ్చి గట్టున ఆగింది. తల్లిని తలనుంచి మొలదాకా చూసింది.

"అమ్మా, నీ నెత్తిన నాచు ఉందే! ఛీ!"

ఆ ఛీ విని తిరువేంగళయ్య గట్టుమీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. పేరిందేవి నెత్తిమీది నాచు తియ్యడం మరిచిపోయి, గట్టెక్కి పిల్లను ఎత్తుకున్నది. గోద తల్లి భుజం మీదుగా నీళ్ళలోకి తొంగిచూసి, గొంతు తగ్గించి అన్నది: "ఆమె నన్నే చూస్తోందమ్మా. రెప్ప వెయ్యడం లేదు."

కబురు తెలిసి ఊరి పెద్దలు అమ్మవారిని పైకి తీసి గుడి కడదామన్నారు. పదహారుమంది తాళ్ళు వేసి లాగారు. తాడు బిగిసినంతసేపూ లాగినవాళ్ళ కళ్ళముందు పచ్చటి చీకటి కమ్మింది. వదలగానే తేటపడింది. మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ కమ్మింది. ఒకరికొకరు చెప్పుకోకుండానే తాళ్ళు చుట్టుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆనాటినుంచీ అమ్మవారిని ఎవరూ కదపలేదు. ఈ ఇంటి పెరడే గుడి అయింది, ఊరు కంటిదొరువు అయింది.

తల్లిదుంపకున్న ఆ ఏడు పిలకలనూ ఏం చెయ్యాలన్నది మిగిలింది. ఒకదాన్ని పేరిందేవి బంకమట్టి నింపిన కుండలో పెట్టి, పైన ఇసుక పరిచి, పిలక పాకిపోకుండా కుండతో సహా దొరువు అంచున దించింది. మిగిలినవాటిని తడిగుడ్డల్లో చుట్టుకుని వీధిలోకి వచ్చింది. మొదటి గడప అంకమ్మది.

"అంకమ్మత్తా, మా అమ్మను మీ ఇంటికి పంపుతున్నాను. చోటు ఉందా?"

అంకమ్మ తిరుగుతున్న కుమ్మరిసారె మీదినుంచి చెయ్యి తీసి, మట్టి చేతులతోనే ఆ మూట అందుకుంది.

"పెరట్లో ఓటి కుండలు తప్ప నా దగ్గర ఏముందమ్మాయ్? ఉండనీ. మీ అమ్మకు ఓటు లేని కుండ ఒకటి చేస్తాలే" అన్నది.

మరుసటి వానాకాలం ఊళ్ళో మరో ఆరు ఇళ్ళ పెరళ్ళలో కూడా తెల్ల కలువలు పూశాయి. తెల్లవారగానే ఏదో ఒక ఇంటినుంచి "పేరిందేవీ, మీ అమ్మ వచ్చిందే!" అని కేక వినిపించేది. ఒక్క చోటుకు వచ్చే తల్లి ఏడు చోట్లకు రావడం మొదలుపెట్టింది.

ఇప్పటికీ ఫాల్గుణ బహుళ దశమినాడు ఈ ఇంటి కోడలు ఉదయాన్నే దొరువులోకి దిగుతుంది. కుండలు పైకి తీసి, ముదిరిన దుంపను కోసి, పాతదాన్ని ఇసుకలో పూడ్చి, పిలకలను వచ్చినవారికి పంచుతుంది. ఆ వేళ గట్టుమీద ఎవరూ మాట్లాడరు. ఆమె మాత్రం నీళ్ళలో చెయ్యి ఉంచి మెల్లగా ఏదో అడుగుతుంది. కొన్నేళ్ళు వెంటనే కొడవలి ఆనిస్తుంది. కొన్నేళ్ళు చాలాసేపు ఆగుతుంది. ఎందుకు ఆగిందని ఆమెను అడిగే ఆచారం లేదు.

కంటిజబ్బు ఉన్నవారు ఇక్కడ ఒక పండుటాకును తీసి మొక్కుకుంటారు. అలాగని కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళవద్దని మా అమ్మవారు ఎక్కడా చెప్పలేదు, చక్కగా వెళ్ళండి. పోయినవారి వస్తువు ఏదో గుండెకు హత్తుకుని వదలలేక వచ్చేవారే ఇక్కడ ఎక్కువ. ఆ చేటంత నీళ్ళమీదికి వంగి చూసినప్పుడు కొందరికి తమ ముఖం ఒక్కటే కనిపిస్తుంది. కొందరు వంగినవారు వంగినట్టే చాలాసేపు ఉండిపోతారు. వాళ్ళను తొందరపెట్టకండి. వెనక్కి తిరిగి చూడవద్దని మాత్రం మెల్లగా చెప్పండి.

ఇక లేవండి, దర్శనం చేసుకోండి. పోతూ పోతూ పెద్దగుమ్మం దగ్గర తడిగుడ్డలో చుట్టిన పిలక మీ చేతికి ఇస్తారు. తీసుకుని నాటండి, పెంచండి. మూడో ఫాల్గుణంలో దాన్ని మీ చేతులతోనే కోసి, ఒక పిలక తీసుకుని పక్కింటి గడప ఎక్కండి. "మా వాళ్ళను మీ ఇంటికి పంపుతున్నాను, చోటు ఉందా?" అని అడగండి. పేరిందేవి చేసినదాంట్లో ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చెయ్యండి. అందుకున్నవారికి కూడా ఇలాగే చెయ్యమని చెప్పండి.